కాళింది తండ్రి, భానుమతి తండ్రి

మద్రాసు వైపు నుంచి హౌరా వెళ్లే రైలు బరంపురం దాటాక తెలుగు పలచబడుతుంది. కటకం వచ్చేసరికి చెవిన పడేదంతా ఒరియా. బాలాసోరు దాటాక బెంగాలీ మొదలవుతుంది. ఇంకో రెండు మూడు గంటల్లో హౌరా చేరతామనగా ఖరగ్‌పూర్ వస్తుంది. అక్కడ ఫ్లాట్‌ఫారం మీద ఎవరో ఎవరినో "ఒరే, ఇటు రారా" అని కేకేస్తారు. ఇన్ని వందల మైళ్లు వచ్చాక మళ్లీ తెలుగు. అదీ ఉత్తరాంధ్ర తెలుగు.

ఆ తెలుగు ఇక్కడికి రైలుతోపాటే వచ్చింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ని జంక్షనుగా, వర్క్‌షాపు ఊరుగా కట్టుకుంది. ఇంజన్లు మరమ్మతు చెయ్యడానికి, పెట్టెలు కట్టడానికి, బొగ్గు ఎత్తడానికి, పట్టాలు వెయ్యడానికి మనుషులు కావాలి. విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి, అంటే ఇవాళ్టి శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ల నుంచి కుటుంబాలకి కుటుంబాలు కదిలొచ్చాయి. ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, మథురాకాఠీ, నీంపురా క్వార్టర్లలో సర్దుకున్నాయి. 1927లో ఇదే వర్క్‌షాపులో ఉద్యోగాల కోత మీద కార్మికులు తిరగబడినప్పుడు ముందు నిలబడ్డ నాయకుల్లో బరంపురం నుంచి వచ్చిన వి.వి.గిరి ఒకరు. తర్వాత రాష్ట్రపతి అయింది ఆయనే.

ఆ సమ్మె జరిగిన పుష్కర కాలానికి ఈ స్టేషను మీదుగా ఒక తండ్రీ కూతురూ కలకత్తా వెళ్లారు. కూతురికి పదమూడేళ్లు.

పిల్ల పేరు భానుమతి. ఒంగోలు దగ్గర దొడ్డవరం వాళ్ల ఊరు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య. సంగీతమంటే ప్రాణం, నాటకాలంటే ఇష్టం. పిల్లకి స్వరజ్ఞానం పెట్టింది ఆయనే. త్యాగరాజ కీర్తన ఆ పిల్ల గొంతులో ఎలా పలకాలో దగ్గర కూర్చుని దిద్దింది ఆయనే. గొంతు బాగుందన్న మాట ఊరు దాటింది. సి.పుల్లయ్యగారు తీయబోతున్న సినిమాలో కథానాయిక వేషం దాకా వచ్చింది.

తెలుగు సినిమాకి కలకత్తా ఎందుకని ఇప్పటివాళ్లు అడగొచ్చు. అప్పట్లో మనకి స్టూడియోలే అంతంతమాత్రం. రాజమండ్రిలో దుర్గా సినీటోన్ 1936లో మొదలైనా, తెలుగు చిత్రాలు చాలావరకు బొంబాయి, కొల్హాపూరు, కలకత్తాల్లోనే తయారయ్యేవి. కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీ వాళ్లకి పుల్లయ్య అప్పటికే 'సావిత్రి', ఆ వెంటనే 1934లో 'లవకుశ' తీసి పెట్టారు. 'లవకుశ' ఆడిన తీరుకి కంపెనీవాళ్లకి తెలుగు మీద నమ్మకం కుదిరింది. దాంతో మన నటులూ, గాయకులూ, పద్యం పాడగలిగిన ప్రతివాళ్లూ పెట్టే బేడా సర్దుకుని ఈ రైలుదారి పట్టారు. తెలుగు టాకీ తొలి రోజుల చరిత్రలో చాలా భాగం ఖరగ్‌పూర్ ఫ్లాట్‌ఫారం ముందు నుంచే నడిచింది. ఈ ఊరి తెలుగువాళ్లం ఆ మాట గర్వంగా చెప్పుకోవచ్చు.

ఆ రోజుని ఒక్కసారి ఊహించండి. బొగ్గుపొడి కళ్లలో పడకుండా పిల్ల కిటికీకి కాస్త ఎడంగా కూర్చుని ఉంటుంది. రైలు ఆగగానే తండ్రి మరచెంబు పట్టుకుని నీళ్ల కోసం దిగి ఉంటాడు. దిగేముందు "కదలకు, ఎవరితోనూ మాట్లాడకు" అని చెప్పే ఉంటాడు. ఆ రోజుల్లో సినిమాకి కూతుర్ని తీసుకెళుతున్న ఏ తండ్రైనా చెప్పే మాటే అది. ఫ్లాట్‌ఫారం మీద తెలుగు వినిపించి పిల్ల గభాల్న తల తిప్పి ఉంటుంది. సంఘటన నేను ఊహించిందే గాని, దారి మాత్రం ఊహ కాదు. ఒంగోలు నుంచి కలకత్తాకి రైల్లో పోవాలంటే అప్పుడూ ఇదే దారి, ఇప్పుడూ ఇదే.

వెంకటసుబ్బయ్య భయం ఎంతటిదో చెప్పే గుర్తు ఒకటి మనకి మిగిలింది. సినిమాలో ఏ మగ నటుడూ తన కూతుర్ని తాకకూడదని, కౌగిలింతల్లాంటివి ఉండకూడదని ఆయన షరతు పెట్టాడు. షరతుకి ఒప్పుకుంటేనే పిల్ల నటిస్తుంది. పుల్లయ్య ఒప్పుకున్నారు.

ఈ షరతు విని ఇవాళ మనకి నవ్వు రావచ్చు. నాకు రాదు. సినిమాలోకి వెళ్లిన ఆడపిల్ల ఇంటికి తిరిగి రాదనీ, వచ్చినా పెళ్లి కాదనీ ఊరంతా అనుకునే కాలం అది. పిల్ల గొంతు లోకానికి వినిపించాలన్న ఆశ ఒకవైపు, లోకం పిల్లని ముట్టుకోకూడదన్న దడ ఇంకోవైపు. ఆ రెండింటి నడుమ ఆ తండ్రికి దొరికిన గట్టు ఆ షరతొక్కటే. దాన్ని ప్రేమ కాదని నేననలేను. అయితే ఆ ప్రేమకి కాపలా బుద్ధి కూడా తోడుగా ఉంది. నాలుగేళ్ల తర్వాత తండ్రికీ కూతురికీ నడుమ అడ్డుగోడగా లేచింది ఆ బుద్ధే.

ఇక వాళ్లు తీయబోయే కథ సంగతి. సినిమా పేరు 'వరవిక్రయం'. కాళ్లకూరి నారాయణరావుగారు 1920ల మొదట్లో రాసిన నాటకం దానికి మూలం. వరకట్నం మీద తెలుగులో అంత పదునైన రచన మరొకటి లేదని నా నమ్మకం. కథలో తండ్రి పురుషోత్తమరావు. మంచివాడు, స్వదేశీ భావాలున్నవాడు. ఇద్దరు కూతుళ్లు, కాళింది, కమల. చదువుకున్న పిల్లలు. వెలపెట్టి మొగుణ్ని కొనుక్కోవడమంటే ఇద్దరికీ అసహ్యం. కట్నం తప్పని తండ్రికీ తెలుసు. అయినా ఇంట్లో ఎదిగిన పిల్లలున్నారు, ఊరు ఊరుకోదు, భార్య భ్రమరాంబ బెంగ తీరదు, పెళ్లిళ్ల పేరయ్య వదలడు. చివరికి పిసినారి సింగరాజు లింగరాజు కొడుక్కి కట్నం ఖాయమవుతుంది. తండ్రి పొలం అమ్ముతాడు. తన మూలంగా ఇల్లు గుల్లవుతోందని కాళింది నూతిలో దూకి చచ్చిపోతుంది.

ఆ తర్వాత కథంతా కమలది. తీసుకున్న కట్నం లింగరాజు తిరిగివ్వనంటాడు. అయితే ఆ పెళ్లికొడుకుని నేనే చేసుకుంటానని చెల్లెలు ముందుకొస్తుంది. పెళ్లయ్యాక అత్తవారింటికి వెళ్లనంటుంది. సొమ్మిచ్చి కొనుక్కున్నాం కాబట్టి కొన్నవాళ్ల ఇంటికే వాడు రావాలంటుంది. వ్యవహారం కోర్టుదాకా పోతుంది. ఊళ్లలో ఈ నాటకం ఆడుతుంటే కట్నాలు పుచ్చుకున్నవాళ్లు తల దించుకునేలా రాశారు కాళ్లకూరివారు.

సినిమాలో లింగరాజు వేషం కట్టింది 'హరిశ్చంద్ర' రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవి. పురుషోత్తమరావు దైతా గోపాలం. భ్రమరాంబగా దాసరి కోటిరత్నం. కమలగా పుష్పవల్లి. కాళిందిగా మన దొడ్డవరం పిల్ల.

స్టూడియోలో ఆ సన్నివేశాల చిత్రీకరణ తలచుకున్నప్పుడల్లా నాకు ఒకే అరుగు మీద ఇద్దరు తండ్రులు కనిపిస్తారు. దీపాల వెలుగులో ఒక తండ్రి. పొలం అమ్మి పిల్లకి మొగుణ్ని కొన్నవాడు, పిల్ల చావు చూసి కుప్పకూలినవాడు. ఆ దీపాల వెనక చీకట్లో కుర్చీ వేసుకుని ఇంకో తండ్రి. కన్నకూతురే చచ్చిపోయిన పిల్లగా నటిస్తుంటే, షరతు దాటి ఎవరి చెయ్యీ పడకుండా చూస్తున్నవాడు. వెంకటసుబ్బయ్యకి ఆ క్షణం ఎలా ఉండి ఉంటుంది? తనకీ పెళ్లి కావలసిన పిల్లే ఉంది. ఊరు తననీ అడుగుతుంది. తెరమీది తండ్రి చేసిన తప్పు తను చెయ్యననే అనుకుని ఉంటాడు. ఏ తండ్రైనా అలాగే అనుకుంటాడు.

పిల్ల మాత్రం పదమూడేళ్ల వయసులో, తండ్రి ఇల్లు గుల్ల కాకూడదని కూతురు చావడం ఎలా ఉంటుందో నటించి చూసింది. ఆ పాత్ర ఆమెలో ఏం మిగిల్చిందో నాకు ఆమె ఆ తర్వాత బతికిన తీరులో కనిపిస్తుంది. కాళిందికి కోపం వస్తే అది తన మీదికే పోయింది. భానుమతికి జీవితంలో ఎప్పుడు కోపం వచ్చినా తన మీదికి తిప్పుకోలేదు.

1939లో 'వరవిక్రయం' వచ్చింది. అందులో ఆమె పాడిన త్యాగరాజ కీర్తన 'పలుకవేమి నా దైవమా' జనం నోట పడింది. తండ్రి దిద్దిన స్వరం తండ్రి కోరుకున్నట్టే లోకానికి చేరింది. మరుసటి ఏడు 'మాలతీ మాధవం' కూడా పుల్లయ్యగారిదే. తర్వాత 'ధర్మపత్ని', 'భక్తిమాల'. ప్రతిచోటా తండ్రి వెంట ఉన్నాడు. షరతూ వెంట ఉంది.

1943కి కాలం మారింది. యుద్ధం. జపాను బాంబులు పడతాయని మద్రాసు ఖాళీ అయి, మళ్లీ నిండుతున్న రోజులు. ఇటు ఖరగ్‌పూర్ చుట్టూ మిదనాపూరు జిల్లా 1942 అక్టోబరు తుపానుకి నేలమట్టమై, పై ఏడు ఆకలితో చచ్చిపోతోంది. తెలుగు సినిమా అప్పటికే మద్రాసుకి మకాం మార్చేసింది. 'కృష్ణప్రేమ' చిత్రం అక్కడే తయారవుతోంది. దర్శకుడు హెచ్.వి.బాబు. ఆయన దగ్గర సహాయకుడిగా రామకృష్ణ అనే యువకుడు పనిచేస్తున్నాడు. నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు. పద్దెనిమిదేళ్లు నిండబోతున్న భానుమతి మనసు అతని మీదికి పోయింది.

ఎవరూ తాకకూడదని తండ్రి కాపలా కాసింది కెమెరా ముందు. మనసుకి కాపలా ఎవరు కాస్తారు? అతన్నే చేసుకుంటానని కూతురు చెప్పింది. తండ్రి వద్దన్నాడు.

ఆ ఇంట్లో ఆ రోజులు ఎలా గడిచి ఉంటాయో చెప్పడం కష్టమేం కాదు, ఎందుకంటే అలాంటి రోజులు మన ఇళ్లలోనూ గడిచాయి. అన్నం దగ్గర మాటలుండవు. తల్లి ఆ గదికీ ఈ గదికీ మధ్య తిరుగుతుంటుంది. తండ్రి పేపరు అడ్డం పెట్టుకుంటాడు. సహాయ దర్శకుడి జీతమెంత, ఆస్తెంత, రేపు పిల్లని ఎలా పోషిస్తాడు అన్నది తండ్రి లెక్క. నేను సంపాదిస్తున్నాను, నాకు కావలసింది మనిషి అన్నది కూతురి లెక్క. పాటలో శ్రుతి తప్పితే వెంటనే సరిచేసే తండ్రి, ఇక్కడ కూతురు పలికింది సరైన స్వరమేనని గుర్తుపట్టలేకపోయాడు.

1943 ఆగస్టు 8న, తండ్రి ఇష్టానికి ఎదురు నిలబడి, భానుమతి రామకృష్ణని పెళ్లి చేసుకుంది. మధ్యవర్తి లేడు. బేరం లేదు. తాను ఏ కథలో నటించి పేరు తెచ్చుకుందో ఆ కథ అడిగిందంతా ఆ పెళ్లిలో జరిగింది. తండ్రి సమ్మతి ఒక్కటే జరగలేదు.

పెళ్లయ్యాక ఆమె సినిమాలు మానేద్దామనుకుంది. బి.ఎన్.రెడ్డిగారు 'స్వర్గసీమ'లో వేషం కోసం అడగడంతో మళ్లీ వచ్చింది. 1945లో ఆ సినిమా ఆమెని ఎక్కడికో తీసుకెళ్లింది. కొడుకు భరణి పేరు మీద భార్యాభర్తలు సంస్థ పెట్టారు, స్టూడియో కట్టారు. 1948లో 'రత్నమాల'. 1953లో మూడు భాషల్లో 'చండీరాణి', దర్శకురాలు తనే. మన దేశంలో ఆడవాళ్లు మెగాఫోను పట్టుకోవడం ఎంత అరుదో ఆ రోజులు ఎరిగినవాళ్లకి తెలుసు. కథలు రాసింది, సంగీతం కూర్చింది, 'నాలో నేను' పేరుతో తన జీవితం తనే చెప్పుకుంది. పద్మశ్రీ, తర్వాత పద్మభూషణ్. తండ్రి భయపడ్డ లోకం ఆమెని పాడుచెయ్యలేదు. ఆమే ఆ లోకంలో తనకో ఇల్లు కట్టుకుంది. తండ్రి నేర్పిన సంగీతం మాత్రం చివరిదాకా వదల్లేదు. ఏ పాత్ర వేసినా ఆ పాత్ర పాడాల్సిందే.

ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. కమలగా వేసిన పుష్పవల్లి సంగతి. తెరమీద మామగారి చేత లెక్క కక్కించిన ఆ చెల్లెలి పాత్రధారికి నిజ జీవితంలో అలాంటి న్యాయం దొరకలేదు. జెమినీ గణేశన్‌తో ఆమెకి 1954లో ఒక ఆడపిల్ల పుట్టింది. భానురేఖ. చిన్నతనంలో తండ్రి ఆ పిల్లని తన కూతురిగా ఒప్పుకోలేదు. ఇల్లు గడవడానికి చదువు మానుకుని ఆ పిల్ల కెమెరా ముందుకి వచ్చింది. 1966లో మన 'రంగుల రాట్నం'లో చిన్న వేషం వేసింది. తర్వాత బొంబాయి వెళ్లి రేఖ అయింది. ఒక తండ్రి కూతుర్ని కన్ను మూయకుండా కాపలా కాశాడు, ఇంకో తండ్రి అసలు అటు చూడనే లేదు. 'వరవిక్రయం'లో అక్కాచెల్లెళ్లుగా నటించిన ఇద్దరి ఇళ్లలో ఇలా రెండు రకాల తండ్రులు. రెండో రకం గాయం ఎక్కువని నా అభిప్రాయం. కాపలా కాసే తండ్రితో కనీసం పోట్లాడవచ్చు.

మళ్లీ ఖరగ్‌పూర్‌కి వద్దాం. ఈ కథ ఇక్కడి నుంచి చెప్పడానికి నాకో కారణం ఉంది.

ఈ ఊళ్లో తెలుగు తండ్రి ఎలాంటివాడో ఇక్కడ పెరిగినవాళ్లకి తెలుసు. పొద్దున్నే వర్క్‌షాపు వేళకి సైకిలెక్కి వెళతాడు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, డ్యూటీలో హిందీ మాట్లాడతాడు. కూతురు మూడింటిలోనూ ఆయన కంటే చురుకు. ఆ పిల్లని చదివిస్తాడు, ఖర్చుకి వెనకాడడు. పెళ్లి మాట వచ్చేసరికి మాత్రం ఇచ్ఛాపురం, సోంపేట, పలాస కబుర్లు మొదలవుతాయి. రైల్వే ఉద్యోగం ఉన్న అల్లుడికి ఒక రేటు, బ్యాంకు అల్లుడికి ఒక రేటు. పురుషోత్తమరావు పొలం అమ్మాడు. మన ఫిట్టరు, మన గార్డు ప్రావిడెంట్ ఫండు నుంచి సొమ్ము తీస్తారు, చాలకపోతే వడ్డీకి తెస్తారు. వందేళ్ల నాటి నాటకంలో పేరయ్య చేసిన పని ఇప్పుడు ఫోన్లలో ఫొటోల మీద జరుగుతోంది. ఆంధ్రప్రదేశ్‌కి 1958లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. దేశమంతటికీ 1961లో వచ్చింది. లింగరాజులు మాత్రం ఇంకా ఉన్నారు. 'లాంఛనాలు' అంటున్నారు, అంతే తేడా.

కూతురు వద్దంటే? లేదా తనకి నచ్చినవాడి పేరు చెబితే? అతను బెంగాలీ కావచ్చు, ఒరియా కావచ్చు, ఒకే క్వార్టర్ల వరసలో పెరిగినవాడు కావచ్చు. ఇన్ని భాషలవాళ్లు ఒకే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుని పెరిగిన ఊళ్లో అలా జరగడంలో వింతేముంది? అయినా ఆ రోజు ఇంట్లో మాటలు ఆగిపోతాయి. ఊరు వదిలి ఇంత దూరం వచ్చాం, మన పద్ధతులు కూడా పోతే మనకేం మిగులుతుందని తండ్రి బాధ. ఆ బాధ నిజమైనదే. పరాయి నేల మీద తెలుగు నిలబెట్టుకోవడం ఎంత కష్టమో, 2020లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాషగా గుర్తింపు ఇచ్చినప్పుడు ఇక్కడివాళ్లు పడ్డ సంతోషం చూస్తే తెలుస్తుంది. కానీ భాష నిలబెట్టే బరువంతా ఆడపిల్ల మెడలో పడే తాళి మీద పెట్టడం అన్యాయం.

నా తీర్పు ఇదీ. పురుషోత్తమరావు చెడ్డవాడు కాదు, వెంకటసుబ్బయ్యా చెడ్డవాడు కాదు. ఇద్దరూ పిల్లల కోసం తమ దగ్గరున్నదంతా పెట్టారు. ఒకరు పొలం, ఇంకొకరు తనకి తెలిసిన సంగీతం. ఇద్దరూ ఒకేచోట తప్పారు. పిల్ల నోటంట వచ్చిన 'వద్దు', 'కావాలి' అన్న మాటల్ని మాటలుగా లెక్క పెట్టలేదు. కథలో పిల్ల ఆ తప్పుకి తన ప్రాణం చెల్లించింది. జీవితంలో పిల్ల చెల్లించనంది. చెల్లించనన్నది కాబట్టే మనకి ఒక భానుమతి మిగిలింది. ఎనభై ఏళ్లు బతికి 2005 డిసెంబరు 24న కన్నుమూసేదాకా ఎవరికీ తల వంచని మనిషి మిగిలింది.

నీంపురాలోనో మథురాకాఠీలోనో, లేదా శ్రీకాకుళంలోనో హైదరాబాదులోనో, ఈ నెలలో కూతురికి సంబంధం ఖాయం చేయబోతున్న తండ్రులు ఇది చదువుతుంటే వాళ్లకొక మనవి. తాంబూలాలు పుచ్చుకోకముందే అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. వాళ్లమ్మ చేత అడిగించొద్దు, మీరే అడగండి. కాదంటే, ఆ మాట మగపెళ్లివారికి అమ్మాయి చేత కాకుండా మీ నోటితో మీరే చెప్పండి.